చెల్లెలి సముద్రం

మొన్న మైపాడు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, వంటింటి కబుర్లన్నీ అయ్యాక, వెనక గది తూర్పు కిటికీని ఇటుకలతో మూయించేశామని, నిమ్మకాయ ఊరగాయ పెట్టానని చెప్పినంత తేలిగ్గా చెప్పింది. ఉప్పుగాలికి ఏసీ తుప్పు పడుతోందట. ఆ కిటికీలోంచి చూస్తే సరుగుడు చెట్ల సందున సముద్రం కనబడేది. సరేలే అని ఫోన్ పెట్టేశాను గానీ, నెల్లూరులో మా బాల్కనీలో నిలబడి ఎదురింటి నీళ్ల ట్యాంకును చూస్తూ, ఈ వయసులోనూ సొంత చెల్లెలి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. అక్కచెల్లెళ్లతో పెరిగిన మీకు ఇది కొత్తేమీ కాదు.

అసలు ఆ మైపాడు సంబంధం మొదట నాకే వచ్చింది. మాది వరి పండించే లోపలి పల్లె. సముద్రమంటే మాకు ఏడాదికి ఒక్కరోజు, కార్తీక పౌర్ణమి నాడు బండ్లు కట్టుకుని మైపాడుకు పోయి, గుప్పెడు ఇసుక నీళ్లలో వేసి, సముద్రుడి అనుమతి అడిగి, మూడు మునకలు వేసి, పులిహోర తిని వచ్చేదే. ఊరికే ఎప్పుడంటే అప్పుడు సముద్రాన్ని తాకకూడదనేది మా అవ్వ. అలాంటి సముద్రం పక్కన కాపురమంటే, అక్కడి బావినీళ్లు ఉప్పగా ఉంటాయని, కాఫీలో పాలు విరిగిపోతాయని ఎవరో అనగా విని, మూతి విరిచి వద్దన్నాను. మరుసటి ఏడు అదే ఇంటికి చెల్లెలు కోడలిగా పోయింది. నేను లెక్కల మాస్టారిని చేసుకుని, ఆయన ఉద్యోగం వెంట ఆఫ్రికాలో మలావీకి పోయాను.

పటంలో ఆ దేశానికి ఏ వైపూ సముద్రం లేదు. మంచి మనుషులు, కొండలు, మొక్కజొన్న చేలు, అన్నీ బాగానే ఉండేవి గానీ, సెలవుల్లో బస్సెక్కి ఎటు పోయినా చివరికి ఇంకో దేశం చెక్‌పోస్టే ఎదురయ్యేది. తూర్పుకు పోతే ఎక్కడో ఒకచోట నేల అయిపోతుందని పుట్టుకతోనే తెలిసినవాళ్లం మనం. అయిపోని ఆ నేల మీద నాకు ఊపిరాడేది కాదు.

అక్కడ అవతలి ఒడ్డు కనబడని పెద్ద సరస్సు ఒకటి ఉంది. ఒక కార్తీక పౌర్ణమికి అక్కడి నాలుగైదు తెలుగు కుటుంబాలం కలిసి, సముద్రస్నానం అందులోనే కానిచ్చేద్దామని బయలుదేరాం. అలలు వస్తున్నాయి, ఒడ్డున చిన్న చేపలు ఎండబెడుతున్నారు. ఆ వాసన తగిలేసరికి అది సరస్సని తెలిసీ నేను మైపాడులోనే ఉన్నాననుకున్నాను. ఇసుక వేశాను, అనుమతి అడిగాను, మునిగి లేస్తూ పెదవులు తడుముకున్నాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. బిందెతో తెచ్చి అన్నం వండుకోవచ్చు. ఉప్పునీళ్లని సంబంధం వదులుకున్నదాన్ని, ఆ మంచినీళ్లలో నిలబడి ఏడ్చాను. మిగతావాళ్లు ఏ నీళ్లయినా గంగేనని పులిహోర పొట్లాలు విప్పుకున్నారు, మావారేమో నా కంట్లో నలుసు పడిందనుకున్నారు. నాకు మాత్రం చెల్లెలు ఈపాటికి ఉప్పునీళ్లలో హాయిగా మునకలు వేస్తుంటుందన్నదొకటే ధ్యాస.

తరువాతి సెలవులకు వచ్చినప్పుడు పెట్టెలు విప్పకుండానే వాళ్లింటికి పోయాను. ఆ రోజు పౌర్ణమీ కాదు, అమావాస్యా కాదు. అయినా మోకాళ్ల లోతుకు దిగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, డోకు వస్తున్నా ఉమ్మబుద్ధి కాక మింగాను. తిరిగొచ్చి చూస్తే చెల్లెలు పెరట్లో సముద్రానికి వీపు పెట్టి కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పోయిన పౌర్ణమికి ఎన్ని మునకలు వేశావని అడిగితే, స్నానాలకు వచ్చిన చుట్టాలకు వండి పెట్టేసరికి అటు పోవడానికే వీలు పడలేదంది. నా కడుపు మండిపోయింది. ఇంత సముద్రాన్ని పెరట్లో పెట్టుకుని కన్నెత్తి చూడవేమని కసిరాను.

“యాడికి పోతాదక్కా అది? ఈడనే గదా ఉండేది,” అంది, తలెత్తకుండా.

ఇప్పుడు పౌర్ణమి కోసం ఆగేవాళ్లు తక్కువ. ఆదివారం వస్తే నెల్లూరు కార్లూ బైకులూ అన్నీ మైపాడు దారి పడతాయి, ఇసుక వేసి అనుమతి అడిగేవాళ్లు ఎక్కడా కనబడరు. మలావీ వదిలి నెల్లూరు చేరినప్పటి నుంచి నేనూ ఆటో మాట్లాడుకుని మనసైనప్పుడల్లా పోతూనే ఉన్నాను, చీకటి పడేదాకా రెప్ప వేయకుండా చూసి వస్తూనే ఉన్నాను. అయినా నా ఓర్వలేనితనం తగ్గలేదు. ఎంతసేపు చూసినా నాది చూడటానికి వచ్చిన మనిషి చూపే. రేపూ ఇక్కడే ఉంటుందిలే అన్న ధీమాతో, దానికి వీపు పెట్టి కూర్చునే యోగం మా చెల్లెలిదే.