మైనస్ ఆరు బెల్లం దిమ్మలు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో లోకమంతా నాకు తప్పుల తడకలా కనిపించేది, దిద్దడానికి నేనొక్కదాన్నే పుట్టినట్టు. అనకాపల్లిలో మా పెదనాన్న బెల్లం కొట్లో పనికి కుదిరాను. పెద్ద దిమ్మ పది కిలోలు, చిన్నది అయిదు. అమ్మకాల పుస్తకంలో మొత్తం దిమ్మలెన్నో, మొత్తం బరువెంతో మాత్రమే రాసేవారు. పెద్దవి ఎక్స్, చిన్నవి వై అనుకుని రెండు సమీకరణాలు రాస్తే ఏవి ఎన్ని అమ్ముడయ్యాయో తేలిపోతుంది కదా! ఆ వారం దిమ్మలు అరవై, బరువు రెండు వందల డెబ్భై కిలోలు. లెక్క తేల్చాను. పెద్ద దిమ్మలు మైనస్ ఆరు వచ్చాయి. (మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.)

అన్నీ చిన్నవే అనుకున్నా మూడు వందల కిలోలుండాలి, ముప్ఫై తగ్గాయి; నా అనుమానమంతా కొట్లో తూకం వేసి పుస్తకం రాసే మామ మీదికి పోయింది. ఆయన రోజూ సాయంత్రం రోలుగుంట బస్సెక్కేటప్పుడు చేతిలో బరువైన సంచి ఉండేది. నన్ను చూసి నవ్వితే కప్పిపుచ్చుకుంటున్నాడనుకున్నాను, నవ్వకపోతే భయపడుతున్నాడనుకున్నాను. చివరికి ఓ సాయంత్రం పెదనాన్నను వెంటబెట్టుకుని బస్టాండుకెళ్లి అందరి ముందూ ఆ సంచి విప్పించాను. అందులో గేదెకు తవుడు!

అయినా తగ్గలేదు. లెక్క కాగితం చూపించి, "పెద్ద దిమ్మలు మైనస్ ఆరు అమ్మేవు, ఇదేటి మామా?" అని నిలదీశాను.

"మైనస్సంటే ఏటమ్మా?"

"సున్నా కంటే తక్కువ."

"అంటే మా ఇంటికాడ్నించి ఆరు దిమ్మలు నేనే తెచ్చి కొట్లో ఎట్టేనా? అయితే దొంగని కాదు గదా!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. మామ మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "ఆ వారం బండిలోంచి దింపుతుంటే దిమ్మలు ఇరిగిపోయేయమ్మా. ఒక్కో ముక్కనీ ఒక్కో దిమ్మగా రాసేను. అలా రాయమన్నది మీ పెదనానగారే."

వచ్చే బస్సుల వైపు చూడటం మొదలెట్టారు పెదనాన్న.

మర్నాడు పొద్దున్న మామ టీ గ్లాసు నా ముందు పెట్టి, "ఏదైనా తేడా వత్తే ముందు నన్నడుగమ్మా, సెప్తాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండునని అప్పుడనిపించింది. ఇరవయ్యొక్కేళ్ల ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త సిగ్గుగానే. లెక్క మాత్రం తప్పు చేయలేదు పాపం.