లాడ్జి హాలులో నేను తీర్చుకున్న కక్ష

అమెరికాలోని అరోరా డౌన్‌టౌన్‌లో మూడంతస్తుల పాత ఇటుక భవనం ఒకటి ఉంది. ఊళ్లో అందరూ దాన్ని లాడ్జి అంటారు. మొదట విన్నప్పుడు అద్దెగదులనుకున్నాను. నిజానికి అది వందేళ్ల కిందట వడ్రంగులు, రైల్వే కార్మికులు, చిన్న కొట్లవాళ్లు కలిసి పెట్టుకున్న సోదర సంఘం వాళ్లది. సభ్యుడు జబ్బుపడితే మిగతావాళ్లు వంతులేసుకుని మంచం పక్కన కూర్చునేవారట. కింద అంగళ్లు, పైన మూడో అంతస్తులో సభల హాలు. సభ్యులు ఒక్కొక్కరే పోయి చివరికి తలుపులు మూసేశారు.

చదువయ్యాక విదేశీ విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి, ఓపీటీ మీద నేను చేరిన ఆర్కిటెక్చర్ ఆఫీసుకి ఆ భవనం పునరుద్ధరణ పని వచ్చింది. మా బాస్ తెలుగాయనే. కొలతలన్నీ నాకప్పగించాడు. తాళాలు తెచ్చి తెరిచేది సంఘం చివరి కార్యదర్శి, ఎనభై దాటిన పెద్దాయన. "నేను చేరిన రోజుల్లో ఈ ఫాల్స్ సీలింగ్ లేదు. పైన ఏదో ఉండేది, చూడు" అన్నాడాయన. నిచ్చెనెక్కి ఒక పలక తీశాను. లోపల పాత కప్పు అంచు పొడవునా సున్నంతో మలిచిన గోధుమ కంకులు, తేనెపట్టులు, రంగులు కూడా పూర్తిగా పోలేదు. నా చేతులు వణికాయి. ఆ కప్పు గురించీ, ప్రతి కిటికీ గురించీ నెల రోజులు కూర్చుని రిపోర్టు రాశాను.

సిటీ మీటింగ్‌లో నా ఫోటోలు చూపిస్తూ బాస్ అన్నాడు: "పలక తీశాను. చేతులు వణికాయి." నేను ఆయనకు చెప్పిన మాటలే. ముందు వరుసలోంచి పెద్దాయన అడ్డొచ్చాడు.

"ఎక్కింది ఆ అమ్మాయి కదా?"

"తను నిచ్చెన పట్టుకుంది" అని బాస్ నవ్వాడు. హాలంతా నవ్వింది.

మర్నాడు ఆయన గదికి వెళ్లాను. "సర్, రిపోర్ట్‌లో నా పేరు లేదు."

"చూడమ్మా, నీ ఓపీటీ నా లెటర్ మీద నడుస్తున్నది. పేరు కావాల్నా, వీసా స్టేటస్ కావాల్నా?"

పేరు వదులుకున్నాను. అయినా రెండు నెలలకే నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు. లాడ్జి పని కూడా ఎందుకో ఆగిపోయింది. ఆ నవ్వు మాత్రం నాతోనే ఉండిపోయింది. వేరే ఆఫీసులో చేరి ఆర్కిటెక్ట్ లైసెన్సు పరీక్షలకు చదివినన్నాళ్లూ దాన్ని తలుచుకునే నిద్ర ఆపుకున్నాను.

ఏళ్లు గడిచాక పాత భవనాల మార్పులకు అనుమతులిచ్చే సిటీ కమిటీలో నాకు చోటు దొరికింది. నిరుడు లాడ్జి ఫైలు వచ్చింది. కొత్త యజమాని తరఫున దరఖాస్తు పెట్టింది ఆయనే. మూడో అంతస్తు కిటికీలు తీసేసి అల్యూమినియంవి పెడతామని, వెనక లిఫ్ట్ కడతామని. పాత సంబంధం ఉన్నవాళ్లు విచారణలో కూర్చోకూడదని నియమం. నేను ఎవరికీ చెప్పలేదు. పెళ్లితో ఇంటిపేరు మారింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. ఆయన గుర్తుపట్టలేదు.

"ఈ కిటికీలు మొదటివి కావంటున్నారు. జతచేసిన రిపోర్టు ఎవరు రాశారు?" అని విచారణలో అడిగాను.

"నేనే."

"అయితే పదకొండో పేజీ చదవండి."

చదివాడు. ఆ కిటికీలు భవనం కట్టినప్పటివేననీ, చెక్క గట్టిగా ఉందనీ, బాగుచేస్తే చాలనీ నేను రాసిన వాక్యాలు ఆయన గొంతులోంచి ఒక్కొక్కటే వచ్చాయి. మూడో వాక్యం దగ్గర ఆగాడు. "పూర్తిగా చదవండి" అన్నాను. అంత తీపి నేను ఎప్పుడూ ఎరగను.

బయట వరండాలో నా దగ్గరికొచ్చాడు. "మీరు తెలుగువాళ్లా? ఎక్కడో చూసినట్టున్నది."

"నిచ్చెన మీద" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, అప్పుడు నేను..."

"విండోస్ రిపేర్ చేయించండి సర్."

అక్కడితో ఆగి ఉండాల్సింది. లిఫ్ట్ అడగడం న్యాయమే. అందుకోసం పడగొట్టే గోడ తర్వాతెప్పుడో కట్టింది, అదీ నా రిపోర్టులోనే ఉంది. అయినా డ్రాయింగులు చాలవని మూడుసార్లు తిప్పి పంపాను. చివరికి యజమాని విసిగిపోయి ఆయన్ని తప్పించి వేరే ఆర్కిటెక్ట్‌ను పెట్టుకున్నాడు. ఆ వార్త విన్న రోజు ఇంటికి స్వీట్లు తీసుకెళ్లాను.

ప్రారంభం రోజున హాలు చూడముచ్చటగా ఉంది. ఫాల్స్ సీలింగ్ పోయింది, పాత కిటికీలన్నీ వేళ్లతో తోస్తే పైకి జరుగుతున్నాయి. కిందికి దిగేసరికి పెద్దాయన వీల్‌చైర్‌లో, ఖాళీ అంగడిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. లిఫ్ట్ పని అప్పటికి సగమే అయింది. నలుగురు మోస్తామన్నా ఆయన ఒప్పుకోలేదట.

"లిఫ్ట్ ఎందుకింత ఆలస్యమైంది?" అని అడిగాడు.

"పర్మిషన్లు" అన్నాను.

తలూపి, పైన ఎలా ఉందో చెప్పమన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని కంకుల రంగు, తేనెపట్టుల వరుస, అన్నీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆ నెలాఖరుకే కూతురి దగ్గరికి ఆరిజోనా వెళ్లిపోయాడు.

బాస్ విషయంలో నాకు ఇప్పటికీ ఇసుమంతైనా పశ్చాత్తాపం లేదు. మళ్లీ నా ముందుకొస్తే మళ్లీ నిలబెట్టి చదివిస్తాను. పెద్దాయనకు మాత్రం ఉత్తరం రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. "పర్మిషన్లు" అన్న మాట దాటి కలం ముందుకు సాగడం లేదు.