సమాధి రాయి మీద కిందికి జారిన రెండు

మా లెక్కల సార్ తన సమాధి రాయి మీద ఏం రాయాలో తానే కాగితం మీద రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాది నంద్యాలలో డి.టి.పి. షాపు. మా తాత గడియారాలు బాగుచేసిన గదిలోనే రెండు కంప్యూటర్లు వేసుకుని పెళ్ళి పత్రికలు, పరీక్ష పేపర్లు, దుకాణాల బోర్డులు కొట్టి ఇస్తుంటాను. ఆళ్ళగడ్డలో బడికి పోయేటప్పుడు మూడేళ్ళు నాకు లెక్కలు చెప్పిన సార్, ఆ రోజు ఆసుపత్రికి వచ్చి, అట్నుంచి అటే నా షాపు మెట్లెక్కాడు. మనిషి సగమయ్యాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం వదల్లేదు.

"ఇది కొట్టి పెట్టుకో. నేను పోయినాక ఆళ్ళగడ్డలో రాతి మింద చెక్కించాల" అన్నాడు. కాగితం విప్పితే ఒక్కటే వరస.

(a+b)² = a² + 2ab + b²

"పేరు వద్దా సార్?" అని అడిగాను.

"పేరెందుకురా? మా చేన్లో మమ్మల్ని కాకుండా ఇంకెవర్ని పూడుస్తారు? ఆడ పండుకున్నోడు ఎవడో ఊరందరికీ తెలుసు."

రుద్రవరం దిక్కు ఆయనది పల్లె. అక్కడ సేద్యం చేసే చాలా కుటుంబాలు పోయినవాళ్ళను సొంత చేన్లోనే పూడ్చి రాయి పెట్టుకుంటాయి. ఆయన మాటలో నాకు వింతేమీ కనబడలేదు. చావు గురించి అంత తేలిగ్గా మాట్లాడుతుంటే మాత్రం ఆయన ముఖం చూడలేక కీబోర్డు వైపు తిరిగాను.

నేను కొడుతున్నంతసేపూ కుర్చీ వెనక నిలబడ్డాడు. బళ్ళోనూ ఆయన అలవాటు అదే. అలికిడి లేకుండా వెనక నిలబడి, సరిగ్గా తప్పు ఉన్నచోట వేలు పెట్టేవాడు. వర్గం చూపించే రెండును ఎవరైనా పైన చిన్నగా రాయకుండా పక్కన పెద్దగా రాస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "అది పైన ఉండాల్సిన రెండురా. కిందికి దించితే వర్గం పోయి రెండింతలయితాది. అయిదు వర్గం ఇరవై అయిదు. అయిదు రెండ్లు పది. పదైదు మంది నోటికాడి కూడు తీసినావు పో" అనేవాడు. ఆ తిట్టు నేను తిన్నన్ని సార్లు మా తరగతిలో ఎవరూ తిని ఉండరు. ఇప్పుడు నేను ప్రింటు తీసి ఇస్తే, మూడుసార్లు చూసి తలూపాడు. నన్ను చూసి ఆయన తలూపడం అదే మొదలు, అదే కడ.

నాలుగు నెలలకు సార్ పోయాడు. మూడో రోజు ఆయన భార్య ఫోన్ చేసింది. "ఆ కాగితం సంగతి నీకు చెప్పినాడంట కదప్పా. పెద్దకర్మ లోపల రాయి పెట్టాల" అంది. ఆళ్ళగడ్డలో శిల్పం పనిచేసే ఒకాయనకు చెప్పాను. మ్యాటర్ ఫోన్‌లో మెసేజీ పెట్టమన్నాడు. అవి పెళ్ళి ముహూర్తాల రోజులు. పత్రికల కోసం జనం నా నెత్తిన కూర్చుని ఉన్నారు. ఫైలు తెరిచాను, ఆ వరసను కాపీ చేశాను, మెసేజీలో అతికించి పంపాను. అర నిమిషం పని.

ఆళ్ళగడ్డ శిల్పి పద్ధతి ఒకటి ఉంది. అక్షరాలను ముందు ఎర్రటి జేగురు రంగుతో రాతి మీద రాసి, చెక్కించుకునేవాళ్ళకు చూపించి, వాళ్ళు సరేనన్నాకే ఉలి పెడతాడు. "రాసిచ్చిందాన్ని మేం దిద్దం, అన్నా. తప్పో ఒప్పో మీరే చూసుకోవాల" అని ముందే చెప్పాడు కూడా. జేగురుతో రాసిన రాయిని ఫోటో తీసి నాకు పంపించాడు. నేను ఒక చేత్తో పత్రికలు లెక్కపెడుతూ, రెండో చేత్తో బొటనవేలి బొమ్మ నొక్కాను. ఫోటోను పెద్దది చేసి చూడలేదు.

పెద్దకర్మ నాడు చేన్లో రాయి చూశాను. నల్లరాయి, నున్నగా తీసిన ముఖం, లోతుగా చెక్కిన అక్షరాలు.

(a+b)2 = a2 + 2ab + b2

పైన ఉండాల్సిన మూడు రెండ్లూ కిందే ఉన్నాయి. చుట్టూ అంతా దండం పెట్టుకుంటున్నారు. "రాయి బాగా కుదిరిందప్పా" అని ఎవరో నా భుజం తట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. భోజనం చేయకుండా వచ్చేశాను.

ఏం జరిగిందో షాపుకు వచ్చి కూర్చున్నాక గానీ తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా అక్షరాలు కొట్టి బతుకుతున్న నాకు సిగ్గుచేటు. నేను కంప్యూటర్లో పెట్టింది నిజంగా చిన్న రెండు కాదు. మామూలు రెండునే కుదించి పీట మీద ఎక్కించాను. ఆ ముస్తాబు ఆ ఫైలులోనే చెల్లుతుంది. మెసేజీలోకి ఒట్టి అక్షరమే పోతుంది. పీట ఇవతలే ఉండిపోయింది, రెండు కిందికి దిగింది. అసలు పుట్టుకతోనే పైన ఉండే రెండు వేరే ఉంది. ఫోన్‌లో రెండు అంకె మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే వస్తుంది. కంప్యూటర్లో ఆల్ట్ మీట పట్టుకుని 0178 కొడితే వస్తుంది. అది యాడికి పంపినా పైనే ఉంటుంది. నీటి ఫార్ములాలో కింద ఉండే రెండుకూ అట్లాంటి సొంత అక్షరమే ఉంది. అన్నీ నేర్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత నేను సుఖంగా ఉన్న రోజు లేదు. షాపులో కూర్చుంటే కుర్చీ వెనక ఎవరో నిలబడినట్టు ఉండేది. పట్టపగలు, రోడ్డు మీద ఆటోలు తిరుగుతుంటే, మెడ వెనక సుద్దముక్క వాసన తగిలేది. తిరిగి చూస్తే గోడ. ఏ పేపరు కొట్టినా రెండు అంకె దగ్గర చేయి ఆగిపోయేది, ఇంకో వేలు వచ్చి దాని మీద ఆనుతుందని. దయ్యాలను నేను నమ్మను. సార్‌ను నమ్ముతాను, అందుకే భయం.

అంతలో మా పాత విద్యార్థుల గ్రూపులో ఒకడు ఆ రాయి ఫోటో పెట్టాడు. ముందు దండాలు వచ్చాయి. తర్వాత ఒకడు, "ఏందీ, స్క్వేర్ లేదే?" అన్నాడు. ఇంకొకడు, "సారే రాసిచ్చినాడంట. పోయే ముందు మతి తప్పింటాది పాపం" అన్నాడు. నలుగురు అవునన్నారు. జీవితమంతా ఆ రెండును పైన నిలబెట్టిన మనిషి మీద, నేను చేసిన తప్పు పడింది. నేను చేశానని అదే గ్రూపులో ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. వేలు ఆడలేదు. నలభై దాటినా నాకు ఆ తరగతి గది భయం పోలేదు.

నెలన్నర అట్లా నాన్చి, చివరికి శిల్పి దగ్గరికి పోయాను. రాయి ముఖం మొత్తం అక్షరాల లోతు దాకా చెక్కేసి మళ్ళీ రాయొచ్చు, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి అన్నాడు. ఆళ్ళగడ్డ నుంచి ఆటోలో సార్ ఊరికి పోతూ దారి పొడుగునా ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. రాతిలో జీర ఉంది, పగులుతుంది, నా ఖర్చుతో బాగుచేయిస్తానని చెబుదామని.

సార్ భార్య వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది. నా జీర కథ సగం విని చేట పక్కన పెట్టింది.

"రాయి మాట తర్వాత. నీతో ఒకటి అడగాలప్పా. మీ సార్ నీకాడికి వచ్చినప్పుడు ఆయనకు మతి సరిగ్గా ఉన్నిందా?"

"ఎందుకమ్మా?"

"మీ వాళ్ళు ఫోన్లో రాసుకుంటాండారంట కదా, మతి తప్పి లెక్క తప్పు రాసినాడని. మా తమ్ముని కొడుకూ ఆ గ్రూపులో ఉండాడు, వాడే సదివి చెప్పినాడు. ఆయన పోయే ముందు రోజు నన్ను మంచం కాడ కూర్చోబెట్టుకోని, 'నిన్ను చానా కష్టపెట్టినా. నువ్వు కాబట్టి నెగ్గుకొచ్చినావు' అన్నాడు. నలభై ఏండ్లలో ఆ మనిషి నోట్లో నుంచి అట్లా మాట రాలేదు. అది పట్టుకోని బతుకుదామనుకున్యా. ఇప్పుడేమో, అదీ మతిలేని మాటేనేమో అనుకుంటాండా."

జీర మాట వదిలేశాను. అంతా చెప్పేశాను. కాపీ చేసింది, అతికించింది, ఫోటో చూడకుండా వేలు నొక్కింది. శిల్పికి పంపిన మెసేజీ తీసి చూపించాను. సార్ రాసిచ్చింది తప్పు లేకుండా ఉందని, నా వెనక నిలబడి మూడుసార్లు సరిచూశాడని, నా మతి ఆయన కాలిగోటికి కూడా చాలదని చెప్పాను. ఏడ్చాను కూడా.

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"అయితే తెలిసే అన్నాడు" అంది. మళ్ళీ, "నాతో తెలిసే అన్నాడు" అంది.

ఆమె ఎదుటే ఫోన్ తీసి, రెండు మీద వేలు నొక్కి పట్టుకుని, గ్రూపులో ఆ వరసను సరిగ్గా రాశాను. తప్పు సార్‌ది కాదు, నాదని కింద రాశాను. రాయి దిద్దించమని ఆమె ఒప్పుకుంది. నీళ్ళు తాగి లేచాను.

గేటు దాకా వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"నెలన్నర పొద్దు ఆ మాట ఉత్తదే అనుకోని ఏడ్సినా. ముందే ఒక్క ఫోన్ చేసింటే నీదేం పోయేదప్పా?"