పన్నెండు తెల్లచీరలు, ఒక బెల్టు

ఒక చీర పాడుచేస్తే ఒక ఆడమనిషికి సమాధానం చెప్పుకుంటే సరిపోతుంది. నేను ఒక్క శనివారం పన్నెండు చీరలను ప్రమాదంలోకి నెట్టాను. పైగా అవి చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్లవి, అంటే పన్నెండుమందీ గొంతున్నవాళ్లే. ఐదారేళ్లయినా ఆ రోజు గుర్తొస్తే నాకంటే ముందు నా నడుము నిట్టూరుస్తుంది.

మా ఆవిడ సలోమి బెజవాడ పటమటలో మా చర్చి క్వయర్‌ని నడిపిస్తుంది. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి క్వయర్ అంతా ఒకేరకం తెల్ల నూలుచీరలు కట్టడం మా ఆనవాయితీ. ముందురోజు వాటన్నిటినీ ఒకింట్లో చేర్చి ఉతుకుతారు. పెద్ద వాషింగ్ మెషిన్ ఉందన్న పాపానికి ఆ ఏడాది వంతు మాకొచ్చింది.

పొద్దున్నే సలోమి మొదటి ఆరు చీరలు వేసింది. మెషిన్ కాసేపు గిలకొట్టి, మూలిగి, సబ్బునీళ్లు కడుపులో పెట్టుకుని ఆగిపోయింది. నీళ్లు వదలదు, తిరగదు.

"ఏమండీ, మెకానిక్ మస్తాన్ గారికి ఫోన్ చేస్తాను."

"దీనికి మెకానిక్కెందుకు? నేను చూస్తాగా."

"మీరు చూస్తారనే చేస్తానంటున్నా."

అప్పటికి నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పబట్టి పద్దెనిమిదేళ్లు. రాపిడి గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలను. ఆ మాట్లాడగలగడమే నా జబ్బు. మెషిన్‌ని ముందుకు లాగి, వెనక రేకు విప్పి, టార్చి వేసి చూశాను. నల్లటి బెల్టు, దానిమీద సన్నటి చీలికలు. తప్పిపోయిన బంధువు కనబడినంత సంతోషం కలిగింది.

"బెల్టు అరిగిపోయింది. జారుతోంది. అందుకే తిరగట్లేదు."

"మరి నీళ్లెందుకు పోవట్లేదు?"

మంచి ప్రశ్న. క్లాసులో ఎవరైనా ఇలాంటిది అడిగితే సిలబస్‌లో లేదంటాను. ఇంట్లో ఆ సౌకర్యం లేదు కనుక, "తిరిగితే అవే పోతాయి," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఒకేసారి ఆరు చీరలు కుక్కితే బెల్టు అరగదా మరి?" అని కూడా అన్నాను.

ఆమె వాదించలేదు. "రేపు ఎనిమిదింటికి పన్నెండు చీరలూ ఇస్త్రీ అయి ఉండాలి. నాకు తెలిసింది అంతే," అని లోపలికి వెళ్లింది.

బెల్టు ఊడదీసి మెడలో వేసుకుని స్కూటర్ మీద, బండ్ల సామాన్లు దొరికే ఆటోనగర్ వెళ్లాను. వాషింగ్ మెషిన్ సామాన్లు అమ్మే షాపులు ఊళ్లో వేరే ఉన్నాయి. కానీ బెజవాడలో పుట్టినవాడికి లోకంలోని ఏ బెల్టయినా ఆటోనగర్‌లోనే దొరకాలని ఒక గుడ్డినమ్మకం ఉంటుంది. షాపాయన దాన్ని అటూ ఇటూ వంచి చూశాడు.

"ఏ బండిదండీ?"

"బండి కాదండీ, వాషింగ్ మెషిన్‌ది."

"బానే ఉందిగా. పైపైన చీలికలు, అంతే. ఇంకో రెండేళ్లు ఆడుద్ది."

"లేదండీ, అరిగింది. పట్టు తగ్గింది. రాపిడి చాలట్లేదు."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "మేష్టారాండీ?"

"ఎలా తెలిసింది?"

"చెప్తే వినట్లేదుగా."

సరిగ్గా అదే సైజు లేదు, ఒక సైజు చిన్నది ఉంది. బిగుతుగా ఉంటే ఇంకా మంచిదేగా అన్నాను. "మీ ఇష్టమండీ," అన్నాడాయన. మన వైపు ఆ మాటకు అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఆ బెల్టు ఎక్కించడానికి గంటన్నర పట్టింది. మొండికేసిన గేదెకు పలుపు వేసినట్టే అయింది, మధ్యలో రెండు వేళ్ల తోలు ఊడింది. స్విచ్ వేశాను. మెషిన్ ఒక్కసారి ఊగి, రబ్బరు కాలిన వాసన వదిలి, ఇంట్లో కరెంటు మొత్తాన్ని వెంటబెట్టుకుని పోయింది. టైము పన్నెండున్నర. చీరలింకా సబ్బునీళ్లలోనే ఉన్నాయి.

"ఇప్పుడు చెయ్యనా ఫోను?" అంది సలోమి. ఆమె గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

మస్తాన్ గారు వచ్చి నా బెల్టు వంక కూడా చూడలేదు. చీరలు టబ్బులోకి తీయించి, నీళ్లు బకెట్లతో తోడించి, మెషిన్ని పక్కకు వంచి, కిందున్న పంపు విప్పారు. అందులోంచి తెల్లటి జిగురుముద్ద ఒకటి అరచేతిలోకి జారింది. మధ్యలో మెతుకులు.

"మేడం, మీ మెషిన్ అన్నం తింటందండీ."

మేమిద్దరం వంగి చూశాం.

"ఇది గంజి. దీన్ని తోసీ తోసీ పంపులో రెక్కలు అరిగిపోయినయ్యి. నీళ్లు బయటికి పోకుండా మెషిన్ తిరగదండీ. బెల్టుకేం సంబంధం లేదు. ఎవరు పోస్తన్నారు దీంట్లో గంజి?"

నాకు గంజి పెట్టిన చొక్కాలంటే మోజు. "నా వల్ల కాదు, మీరే పెట్టుకోండి," అని సలోమి ఎప్పుడో చేతులెత్తేసింది. అప్పట్నుంచి, ప్రతి శనివారం ఆమె క్వయర్ ప్రాక్టీసుకు వెళ్లగానే, అన్నం వార్చిన గంజి తెచ్చి తిన్నగా మెషిన్‌లో పోసేవాణ్ణి. వడకట్టేవాణ్ణి కూడా కాదు.

పనిమనిషి పోసిందేమో అనేద్దామని ఒక్క క్షణం నాలుక దాకా వచ్చింది. అలా వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నేనేనండీ," అన్నాను.

"నేను చీరలు కుక్కానన్నారు," అంది సలోమి మెల్లగా.

పోయిన కరెంటు తెప్పించి, కొత్త పంపు సోమవారంగానీ రాదని చెప్పి మస్తాన్ గారు వెళ్లిపోయారు. నేను సలోమిని ప్రాక్టీసుకు పంపేసి, పన్నెండు చీరలూ బకెట్లలో మూడంతస్తులు మోసుకుంటూ మేడ మీదికి చేర్చాను. రుద్దాను, జాడించాను, పిండాను. ఒక్కో చీర చివర దొరికేసరికి మొదలు ఎక్కడో మర్చిపోయేవాణ్ణి. బెజవాడ ఎండ దయవల్ల చీరలు గంటలో ఆరాయి. వాటితోపాటు నేనూ ఆరాను. తర్వాత ఇస్త్రీ.

ఆదివారం పన్నెండుమందీ మల్లెపూల వరుసలా నిలబడి పాడారు. చేతులెత్తి స్తుతించమని పాస్టర్ గారు చెప్పినప్పుడు నా చేతులు మాత్రం భుజాల దాకా కూడా లేవలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు సలోమి కొంగు పట్టుకుని చూశారు. "భలే తెల్లగా వచ్చాయమ్మా ఈసారి. మెషిన్ మార్చారా?"

"లేదండీ. ఆయన చేత్తో ఉతికారు."

గంజి సంగతి ఎత్తలేదు, బెల్టు సంగతీ ఎత్తలేదు. ఎంత మంచి మనిషి అనుకుంటూ నా కళ్లు చెమర్చబోతుండగా, పాస్టరమ్మగారు నావైపు తిరిగారు.

"అయితే ఈస్టరుకి కూడా మాస్టారికే ఇద్దాం. పిల్లల క్వయర్ గౌన్లు కూడా ఉన్నాయి, ఓ ఇరవై."

"దానికేమండీ, పంపించండి," అంది సలోమి. "ఆయన కాదనరు."

కావున, బతికున్నంతకాలం స్క్రూడ్రైవర్ ముట్టనని, బాగానే ఉందన్న వస్తువును బాగుచెయ్యనని, నా చేతిలో అరిగినదానికి మా ఆవిడను బాధ్యురాలిని చెయ్యనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకా కొన్ని ప్రమాణాలున్నాయి కానీ తీరిక లేదు. ఈ ఏటి గౌన్లు నానబెట్టి వచ్చాను.