పంటి కింది గింజ

"ఏందవ్వా, ప్యాకెట్టు పంటితో చించినావే. ఇట్ల చేస్తే ఎట్ల?"

"చించకపోతే లోపల పప్పు సంగతి ఎట్ల తెలుస్తాది మే? కొరికి సూస్తా. బాగుంటే తీసుకుంటా, లేకుంటే ఆడనే పెడతా."

"ఆడ పెడితే ఇంగెవురు కొంటారు? ఈడ కొరికేది గిరికేది లేదు. పైన అంతా రాసుంటాది, సదువుకో."

"రాసినోడు పప్పు తిని రాసినాడా? మీ ఇంట్లో గూడ రాత సూసే ఎసట్లో ఏస్తారా?"

"మా ఇంట్లో పప్పు మాయమ్మ సూసుకుంటాది. నేను ఈడ ప్యాకెట్లు సూసుకోవల్ల. చిరిగితే నన్నే అడుగుతారు."

మొన్న నెల మొదట్లో, ప్రొద్దుటూరులో మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న డిస్కౌంటు దుకాణంలో, కందిపప్పు అరల ముందు నిలబడి అక్కడ పనిచేసే అమ్మాయితో నేను పడిన గొడవ ఇది. తప్పు నాదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ అప్పుడు ఒప్పుకోలేదు. చక్రాల బండ్లు తోసుకుంటూ పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. అంతలో బియ్యం బస్తాల దగ్గర ఉన్న నా కోడలు వచ్చి, నా చేతిలోని ప్యాకెట్టు తీసుకుని, చిరిగిన మూతి మడిచి మా బండిలో వేసుకుంది. ఆ అమ్మాయికి మెల్లగా ఏదో నచ్చజెప్పింది. ఇంక అక్కడ నిలబడలేక, బియ్యం తీసుకోకుండానే బయటపడ్డాం.

ఆటోలో కూర్చున్నాక, "ఇంగ మీద సరుకులు ఫోన్లో చెప్తాలే అత్తా, ఇంటికే తెచ్చిస్తారు. నీకెందుకు ఈ తిరుగుడు" అంది. కోపంగా అని ఉంటే నేనూ రెండు అనేదాన్ని. ఆమె ప్రేమగా అంది. వంట కోడలి చేతికి పోయి శానా కాలమైంది, అది ఎట్లాగూ పోయేదే. ఈ ఇంటికి ఏ బియ్యం రావాలి, ఏ పప్పు రావాలి అన్నది మాత్రం ఇన్నేండ్లూ నా మాటే. అదీ పోతే ఇంట్లో నేను కూర్చుని తినే మనిషినే గదా అనిపించి, ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ దుకాణాన్ని తిట్టాలని నాకు లేదు. ధర తక్కువే, లోపల చల్లగా ఉంటుంది, ఎంతసేపు తిరిగినా పొమ్మనేవాళ్లు ఉండరు. ఒకటి కొంటే ఒకటి ఊరికే అని రాసిపెట్టిన చోట, మాకు ఒకటే చాలు, సగం ధరకు ఇయ్యమని అడిగితే బిల్లు వేసే అమ్మాయి నవ్వేసి, మిషన్ ఒప్పుకోదు అవ్వా అనింది. నాకు నచ్చనిది ఒక్కటే, అన్నీ మూతి కట్టుకుని ఉంటాయి. గింజకూ చేతికీ మధ్య ఆ ప్లాస్టిక్ కాగితం.

మన కాలంవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, గింజను కొరకకుండా కొనడం మనకు తెలియదు. నేను పుట్టింది తొండూరు పక్కన. మా నాన్న నన్ను మూడో తరగతితో బడి మాన్పించాడు. ఇంటికి కావలసిన గింజలు చేనిలోనే పండించేవాడు కాబట్టి, అంగట్లో బియ్యం కొనడమనేది ఒకటుందని నాకు పెండ్లయి జమ్మలమడుగుకు వచ్చేదాకా తెలియదు. మా మామ అక్కడ ఆఫీసులో గుమాస్తా. జీతం చేతికొచ్చిన మరుసటి వారం మా అత్త సంచులు మడిచి చంకలో పెట్టుకుని బజారుకు బయలుదేరేది, వెనుక నేను.

అప్పుడు కూడా ఒక చౌక అంగడి ఉండేది. పేరేమిటో ఎవరికీ పట్టలేదు, అందరూ చౌకంగడి అనే అనేవాళ్లు. ఆ దుకాణదారు పెద్ద మండీలలో మిగిలిపోయిన సరుకు, రెండు మూడు రకాలు కలిసిపోయిన సరుకు తక్కువకు పట్టుకొచ్చి తక్కువకే అమ్మేవాడు. మంచిదీ ఉండేది, చెడ్డదీ ఉండేది, ఏరుకునే తెలివి మాత్రం కొనేవాళ్లదే. అది ఆ అంగడి ధర్మం, దాంట్లో దాపరికం లేదు. మూతులు మడిచిన గోనెసంచులు వరసగా పెట్టి, మధ్యలో ఒక చాప పరిచేవాడు. పెన్న దాటి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆ చాప మీద కూర్చుని, సంచిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న గింజలు పైకి తీసి చూసేవాళ్లు. పైన ఉండేది చూపుకు, అడుగున ఉండేది తినడానికి అని మా అత్త అనేది. తీసిన గింజను ముందర పళ్ల మధ్య పెట్టి కొరకాలి. పాత బియ్యమైతే పటుక్కున విరుగుతుంది, కొత్తదైతే పిండిగా నలుగుతుంది. కొత్త బియ్యం వండితే అన్నం ముద్ద అయిపోతుంది, ఎసరు ఎంత తగ్గించినా అంతే.

కొరకడంలో మా అత్తకు ఆ అంగట్లో ఒక పేరుండేది. ఆమె వచ్చేదాకా కాచుకుని, ఏ సంచి దగ్గర సరే అని తల ఊపుతుందో ఆ సంచిలోనే మిగతావాళ్లు కొలిపించుకునేవాళ్లు. దుకాణదారుకు అది నష్టమో లాభమో గానీ, ఆమె కోసం చాప మీద గోడ వైపు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు. మొదటి ఏడాది నాకు సంచులు పట్టుకోవడమే పని. తరువాత ఆమె కొరికిన సంచిలోదే నన్నూ కొరకమని, ఏం తెలిసిందో చెప్పమనేది. తప్పు చెబితే తొడ మీద గిల్లేది. అట్లా నేర్చుకున్నాను.

అయిదారేండ్లు గడిచాయి. ఒక నెల ఎప్పటిలాగే ఆమె ఒక సంచి దగ్గర గింజ నోట్లో వేసుకుని, కాసేపు అటూ ఇటూ కదిపి, పాతవే అని తల ఊపింది. నలుగురు సంచులు పట్టుకుని ముందుకు జరిగారు. నేను కూడా అలవాటుగా కొరికాను. పిండిగా నలిగింది. నిశ్చయంగా కొత్త బియ్యం. మెల్లగా ఆమె చెవిలో చెప్పి ఉండొచ్చు. నేను చెప్పలేదు.

"ఇవి కొత్తవత్తా. నీకు పండ్లు కదులుతాండాయి, అందుకే తెలీలేదు" అన్నాను, అందరికీ వినపడేట్టు.

దుకాణదారు నవ్వి, "కోడలు గెలిచిందక్కా, ఇంగ నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నాడు. చాప మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. అత్త కూడా నవ్వింది. నోట్లోని గింజలు కొంగులోకి తీసుకుని మడిచింది. ఆ రోజు ఏ సంచిలో కొలవాలో నేనే చూపించాను, ఆ నలుగురూ నా వెనకే వచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు నా కాళ్లు నేల మీద లేవు.

తరువాతి నెల ఆమె మోకాళ్లు నొస్తున్నాయి అంది. ఆ పై నెల కూడా అంతే. మైలు దూరంలో ఉన్న గుడికి నడిచిపోయే మనిషి వీధి చివరి అంగడికి రాలేకపోవడం ఏమిటని నేను ఆలోచించలేదు. ఆ తరువాత పదకొండేండ్లు బతికింది, మళ్లీ ఆ చాప మీద కూర్చోలేదు. నేను తెచ్చిన బియ్యాన్ని చాటలో పోసుకుని రాళ్లు ఏరిపెట్టేది, బాగున్నాయనీ లేవనీ ఎన్నడూ అనలేదు. ఎట్లున్నాయి అత్తా అని నేనూ అడగలేదు. అడిగితే ఏం పోయేది? నాకు తెలుసు కదా అన్న పొగరు. పొదుపు మనిషినని నన్ను అందరూ అంటారు. మాటలో కూడా పొదుపు చేయకూడని చోటే చేశానని ఇంత వయసు వచ్చాక తెలిసింది.

ఆ బియ్యం కొత్తవే, అందులో అనుమానం లేదు. నేను చెప్పింది నిజమే. మొన్న ఆ అమ్మాయి చెప్పిందీ నిజమే, నా కోడలు చెప్పిందీ నిజమే. నిజం చెప్పినవాళ్ల మీద కోపం పెట్టుకుని ఏం చేస్తాం. ఇప్పటి బియ్యాన్ని కొరికినా ఏం తెలుస్తుందో నాకు తెలియదు, మిల్లులో తళతళ మెరిసేటట్టు చేసి పంపుతారు. మనుషుల పళ్లకూ గింజకూ ఉన్న ఆ పరిచయం మన తరంతోనే పోతుంది. పోనీ, దాంతోపాటు నలుగురిలో ఒక మనిషిని చిన్నబుచ్చే అవకాశం కూడా పోతే అదీ ఒక మేలే అనుకుంటాను. అయినా చాప మీద గోడ వైపు ఖాళీగా ఉంచిన ఆ చోటు గుర్తుకొస్తే మనసు ఒక పట్టాన నిలవదు.

దుకాణంలో గొడవ జరిగిన మర్నాడు పొద్దున కాఫీ తాగి గ్లాసు కడుగుతుంటే కోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అందులో బియ్యం బస్తాల బొమ్మలు నాలుగున్నాయి. "ఏవి చెప్పమంటావత్తా?" అని అడిగింది. కొంగుతో చేతులు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, నాలుగింటినీ ఒక్కొక్కటిగా చూశాను. నాకేమీ తెలియలేదు. మూడోదాని మీద వేలు పెట్టాను. ఆమె దాన్నే నొక్కింది. పదకొండు గంటలకు బస్తా వచ్చింది.