పదకొండు సంతకాలు, ఒక వేలిముద్ర

సిరా ప్యాడ్ మూత తీసిన వాసన తగిలితే ఇప్పటికీ నా బొటనవేలు పిడికిట్లో దాచుకుంటాను. పోయిన వారం సొసైటీ ఆఫీసులో గుమాస్తా ఆ డబ్బాను నా ముందుకు నెట్టి "వెయ్యమ్మా" అన్నాడు. పెన్ను ఇవ్వమన్నాను. నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు. నాకు నలభై ఆరో ఏట అక్షరాలొచ్చాయి. నేర్పింది మా పక్కింటి మల్లికక్క. ఆమె పోయి రెండేళ్ళయింది.

మాది చిట్టమూరు వైపు, రొయ్యల గుంటల మధ్య ఊరు. మల్లికక్క మగబిడ్డగా పుట్టి, ఆడదానిగా బతికిన మనిషి. మా ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా ఇరవై ఒకటో రోజున ఆమెను పిలిచి, బిడ్డను ఆమె ఒడిలో పెట్టి దిష్టి తీయించేవారు. ఆమె చెయ్యి మంచిదని అందరి నమ్మకం. ఆమె చెల్లెలు జ్వరంతో చనిపోతే, ఏడాదిన్నర పిల్ల జ్యోతిని తెచ్చి పెంచుకుంది. తండ్రి వేరే పెళ్ళి చేసుకుని మళ్ళీ ఇటు చూడలేదు. జ్యోతి ఆమెనే అమ్మా అని పిలిచేది. ఒకసారి బోరింగు దగ్గర ఒకావిడ "మగోణ్ణి పట్టుకుని అమ్మా అంటాందే ఈ పిల్ల" అని నవ్వింది. మల్లికక్క బిందె ఎత్తుకుంటూ, "నీ కొడుకు నిన్ను ఏమని పిలుస్తాడో రోజూ గోడవతల నుంచి వింటానే ఉండా. నా బిడ్డే నయం" అంది. ఆ రోజు అందరం నవ్వాం, ఆ ఒక్కావిడ తప్ప.

జ్యోతికి ఏడేళ్ళప్పుడు సుబ్బారాయుడు మా ఇంటికొచ్చాడు. ఊరికి పెద్ద మనిషి. తన మనవడికి మల్లికక్క చేతనే దిష్టి తీయించినవాడు. "వీధి కుళాయికి అర్జీ రమణమ్మా. అందరూ పెట్టినారు, నువ్వూ వేసెయ్" అన్నాడు. నేను రొయ్యలు వలిచే షెడ్డుకు పోయే తొందరలో ఉన్నాను. వేలు సిరాకు అద్ది ముద్ర వేశాను.

పది రోజులకు జీపు వచ్చింది. ఒక అధికారి వీధిలో నిలబడి ఆ కాగితం చదివాడు. ఇలాంటి మనిషి దగ్గర ఆడపిల్ల ఉండటం మొత్తం ఊరికి మచ్చ అని, బిడ్డను తీసుకుపోయి హాస్టల్లో పెట్టమని అందులో ఉంది. పేర్లు కూడా చదివాడు. చివర నా పేరు. మల్లికక్క నా వైపు తిరిగి చూసింది. విచారణ తేలేదాకా జ్యోతి నెల్లూరు హాస్టల్లో ఉండాలన్నారు. తలుపు చెక్క పట్టుకున్న ఆ పిల్ల వేళ్ళను ఒక్కొక్కటీ విడదీశారు.

మరునాడు మల్లికక్క గుమ్మంలో నిలబడ్డాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సుబ్బారాయుడు కుళాయి అర్జీ అన్నాడని చెప్పాను.

"కుళాయి అన్నాడా?"

"అవునక్కా. నాకు చదవను రాదు గదా."

"చదవను రాకపోతే అడగను నోరు లేదా?"

ఆమె లేచి, జ్యోతి పలక తెచ్చి నా ముందు పడేసింది. "కూర్చో. ఆ కాయితంలో ఏముందో నీ కళ్ళతో చదవాల. అబద్ధమని నీ చేత్తో రాయాల. వేరేవాళ్ళు రాసిస్తే నాకొద్దు."

రెండు నెలలు సాయంత్రం పూట నేర్పింది. ఐసులో రొయ్యలు వలిచి పగిలిన నా వేళ్ళు బలపం పట్టేవి కావు. ఆమె కనికరించలేదు. "తలకట్టు ఏదిమే? బట్టతల రమణమ్మవి అయిపోతావు" అని ఒక్కసారి మాత్రం నవ్వింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాయమంది.

విచారణ రోజున నేను నాలుగు వాక్యాలు రాసి తీసుకుపోయాను. ఎదుట కూర్చున్న ఆఫీసరు మేడమ్ ఆ అర్జీ నా చేతికిచ్చి చదవమంది. కూడబలుక్కుంటూ అంతా చదివాను. కుళాయి అన్న మాట ఎక్కడా లేదు. ఇది నాకు చెప్పిన అర్జీ కాదు, ఈ బిడ్డకు ఈమే తల్లి అని నేను రాసింది కూడా చదివాను. తర్వాతి నెలలో జ్యోతి ఇంటికొచ్చింది. ఏడాది దాకా మల్లికక్క కొంగు వదలకుండా నిద్రపోయేది.

ఆ మరుసటి సంవత్సరం సుబ్బారాయుడికి మనవరాలు పుట్టింది. సిగ్గు లేకుండా పిలిచాడు. మల్లికక్క వెళ్ళి బిడ్డను ఒడిలోకి తీసుకుంది. తిరిగొచ్చే దారిలో నేను కోపం ఆపుకోలేకపోయాను.

"ఎట్టా పోయినావక్కా ఆ ఇంటికి?"

"ఆ బిడ్డ ఏం సంతకం పెట్టిందిమే?"

ఆ మనసు నాకు రాలేదు. జ్యోతి ఇప్పుడు నెల్లూరులో నర్సు చదువుతోంది. అది నర్సయ్యేది చూడకుండానే మల్లికక్క పోయింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆమె చెయ్యి ఎంత చల్లనిదో నా దగ్గరే చెబుతారు. వింటూ నిలబడతాను. ఆ అర్జీ కింద పేర్లు నాకు వరసగా గుర్తున్నాయి. చదువు రాక వేలు పెట్టింది నేనొక్కదాన్నే. మిగతా పదకొండు మందీ చదివే సంతకం పెట్టారు.