ఆయన వచ్చేలోపు గిలాబు

మా ఆయన దుబాయ్‌లో గిలాబు పని చేస్తాడు. అంతెత్తు మేడల గోడలకు సిమెంటు పూసి అద్దంలా నున్నగా చేసే మనిషి! కోరుట్లలో మా పాతింటి బయటి గోడ మాత్రం పెచ్చులూడి, ఇటుకలు పళ్లికిలిస్తుండేవి. పోయినసారి సెలవంతా ఆయన ఈ ఇంటి పైకప్పు పగుళ్లు పూడ్చడంలోనే గడిపాడు. నా మొహం చూసే తీరికే లేకపోయింది. నాకెంత మండిందో! అందుకే ఈసారి ఆయనకు తెలియకుండా, వచ్చేలోపే గోడ బాగు చేయించాలని పంతం పట్టాను.

మా అత్తమ్మకు చెవుడు. "గోడకు గిలాబు చేయిద్దాం అత్తమ్మా" అని గట్టిగా అరిచాను.

"గులాబా? మస్తుంటది బిడ్డా, ఏయించు!" అంది.

పడీపడీ నవ్వాను. మేస్త్రీ వచ్చి పాత పెచ్చులు రాలగొడుతుంటే సరిగ్గా అప్పుడే దుబాయ్ నుంచి ఫోను.

"ఏందా సప్పుడు?"

"పక్కింటోళ్లు పసుపుకొమ్ములు దంచుతున్నరు."

"గింతసేపా?"

"పెద్ద పెండ్లి!" అన్నాను. మేస్త్రీ నోటికి తువాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

కొత్త గిలాబుకు పొద్దున, సాయంత్రం నేనే నీళ్లు కొట్టాను. గోడ ఆరాక అత్తమ్మ ఎవరినీ అడగకుండా రంగు తెప్పించింది. ఇంకేముంది, ఇల్లంతా గులాబీ రంగే! వాడకట్టంతా వచ్చి చూసి పోయింది.

ఆయన ఆటో దిగాడు. బ్యాగు కింద పెట్టాడు కానీ లోపలికి రాలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, చెవి ఆనించి వేలి కణుపులతో కొట్టి చూడసాగాడు. ఎక్కడైనా డొల్ల మోగిందా, మొత్తం రాలగొట్టి మళ్లీ మొదలుపెడతాడు. ఈ సెలవూ గోడ పాలే! ఆ మూల నుంచి ఈ మూల దాకా కొట్టుకుంటూ వచ్చాడు.

"యాడా డొల్ల లేదు. మంచిగ చేసిండు," అన్నాడు దిగాలుగా. "ఇగ నాకేం పనున్నది ఇంట్ల?"

"ఏం పని లేదు. ఇట్లొచ్చి నా పక్కన కూసో!"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఆయన వచ్చి ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక అటూ ఇటూ చూశాడు. ఒకటి లాక్కుని నా ఒళ్లో పెట్టుకున్నాను.